రాత్రి పది దాకా: హైదరాబాద్ డప్పు, మర్ఫాల మీద మా ఆడియో సిరీస్ డైరీ

జూన్ మూడో వారం, హాస్టల్ రూమ్

ఏం చేస్తున్నామో ముందే రాసి పెడతా, తర్వాత ఎవరైనా "ఇదంతా దేనికిరా మీకు" అంటే ఈ పేజీ చూపిస్తే సరిపోతుంది. హైదరాబాద్ వీధుల్లో ఇప్పటికీ చేత్తోనో కర్రతోనో వాయించే వాద్యాల మీద నాలుగు భాగాల ఆడియో సిరీస్. ఒక్కో భాగం పావుగంట. మొదటిది డప్పు, రెండోది మర్ఫా (హైదరాబాద్ పెళ్లి బరాత్‌ల్లో వాయించే డోలు లాంటి వాద్యం), మూడోది బ్యాండ్ మేళం, నాలుగోది ఇంకా తేలలేదు. ఉండేది ఉస్మానియా క్యాంపస్‌లో కాబట్టి అటు తార్నాక మెట్రో, ఇటు ఆర్ట్స్ కాలేజీ ఎంఎంటీఎస్ (సిటీ లోకల్ రైలు) స్టేషన్, రెండూ నడిచి వెళ్లే దూరమే. సిటీలో ఏ మూలకైనా తక్కువ ఖర్చుతో పోయి రావచ్చు, అదొక్కటే మా దగ్గరున్న ఆస్తి.

టీమ్ ముగ్గురం. రికార్డింగ్ నల్లగొండోడిది, ఎడిటింగ్ సిద్దిపేట అక్కది (మాకు ఒక ఏడాది సీనియర్, అందుకే అక్క, లేకపోతే ఊరుకోదు), మనుషుల్ని పట్టుకోవడం, మాట్లాడించడం, రాయడం నాది. ముగ్గురికీ సంగీతం రాదు. రాకపోవడమే మంచిదని అక్క వాదన. వచ్చినోళ్లు రాగం, తాళం అని మొదలుపెట్టి అవతలివాళ్లను నోరెత్తనివ్వరట.

ఒక నియమం పెట్టుకున్నాం. "అంతరించిపోతున్న కళ" అనే మాట ఎక్కడా రావద్దు. మీరు అంతరించిపోతున్నారట కదా అని ఎదుటి మనిషి మొహం మీద అడిగే ఇంటర్వ్యూలు చాలా విన్నాం. వాళ్లేమో ఆదివారం మూడు బుకింగులు ఉన్నాయని హడావుడిలో ఉంటారు.

అదే వారం, సామాన్లు

రికార్డర్ జూమ్ హెచ్1ఎన్, నల్లగొండోడి కజిన్‌ది, కాళ్లావేళ్లా పడి తెచ్చాం. జేబులో పట్టేంతే ఉంటుంది, పైన రెండు మైకులు అడ్డంగా ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు ఉంటాయి. సెట్టింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. గంటకు ఒక జీబీ పైన తింటుంది, అందుకే కార్డు ఖాళీ చేయకుండా ఎవరూ నిద్రపోకూడదని రూలు. ఎంపీ3లో పెడితే జాగా మిగులుతుంది కదా అంటే అక్క ఒప్పుకోలేదు, దెబ్బ పడ్డ ఆ మొదటి క్షణమే డప్పుకు ప్రాణం, కంప్రెస్ చేస్తే ముందు పోయేది అదే అంది. ఎడిటింగ్‌కు ఆడాసిటీ, ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. గాలి శబ్దానికి స్పాంజీ తొడుగు కొన్నాం. అసలైన బొచ్చు తొడుగు ధర చూసి మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

జూన్ చివర, ఉప్పల్ వైపు ఒక బస్తీ

మొదటి రికార్డింగ్. డప్పు కొట్టే ఒక పెద్దాయన ఇల్లు, ఆయనకు అరవై దాటి ఉంటాయి, కొడుకులిద్దరూ ఆయన జట్టులోనే. ముగ్గురం గేటు దగ్గర నిలబడి "నమస్తే సార్" అంటే నవ్వి "సార్ ఎవల్రా ఈడ, కాకా అనుండ్రి" అన్నాడు. అప్పటినుంచీ కాకానే.

డప్పు ఎలా కడతారో చూపించమని అడిగాం. చెక్క పలకలు వంచి కలిపిన చట్రం, దాని మీద నానబెట్టిన మేకతోలు, అంటించడానికి చింతగింజల జిగురు. ఫెవికాల్ పెట్టొచ్చు కదా అని నల్లగొండోడు అడిగితే కాకా జాలిగా చూశాడు. చింతగింజల్ని వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, నూరి ఉడికిస్తే వచ్చే ఆ జిగురు తోలుతో పాటే ఎండుతుంది, మంట దగ్గర పెట్టినా ఊడదు. ఆ మంటే ముఖ్యం. వాయించే ముందు ఎండుటాకులు, కాగితాలు పోగేసి మంట పెట్టి డప్పును దాని ముందు తిప్పుతూ కాస్తారు. తోలులో తేమ పోయి బిగుసుకుంటుంది. కాకా కాస్తూ కాస్తూ మధ్యలో వేలితో ఒక్క దెబ్బ కొట్టి చెవి పెట్టి వింటాడు, ఇంకా కాలేదని మళ్లీ తిప్పుతాడు. మొదట్లో "డబ్" అని మెత్తగా పలికింది, కాసేపటికి "ఠంగ్" మంది. ఈ మార్పు మొత్తం రికార్డయింది, మధ్యమధ్యలో ఆకులు చిటపటలాడటంతో సహా. సిరీస్ మొదలయ్యేది దీంతోనే, దాని మీద ఎవరి మాటా వద్దని ముగ్గురం అక్కడికక్కడే అనుకున్నాం.

కుడిచేతిలో పొట్టిగా లావుగా ఉండేది చిర్ర, ఎడమచేతిలో సన్నగా పొడుగ్గా ఉండేది సిటికెన పుల్ల. చిర్ర దెబ్బ కింది భాగంలో పడుతుంది, గుండె లాంటిది. పుల్ల పైఅంచున చిటచిటమంటూ ఆ దెబ్బల మధ్య ఖాళీలు నింపుతుంది. చిర్ర ఒక్కటే కొట్టి చూపించు కాకా, తర్వాత పుల్ల ఒక్కటే, అని అడిగి రెండూ విడివిడిగా తీసుకున్నాం. విడివిడిగా కొట్టమంటే కాకాకే కష్టమైంది, చేతులు ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి.

ఇంటి గోడకు రెండు ఫైబర్ డప్పులు కూడా వేలాడుతున్నాయి. ఆషాఢం అంటే వాన, వానలో తోలు మెత్తబడిపోతుంది, ఊరేగింపు మధ్యలో ఆగి మంట పెట్టుకోవడానికి సిటీలో జాగా ఎక్కడ? అందుకని కొడుకులు ఫైబర్‌కి మారిపోయారు, కాకా మాత్రం మారలేదు. మేము తోలే గొప్పదని రాసుకుందామని ఉత్సాహపడ్డాం గానీ పెద్దకొడుకు ఒక్క మాటలో తేల్చేశాడు: "తోలు మంచిదే తమ్మీ, వానల మా నాయిన కొట్టడు, నేను కొడ్త. పైసలు ఎవలికొస్తయి?"

ఇక మాటలు. డప్పు గురించి అడిగితే కాకా చెప్పింది ఎక్కువగా టైమింగుల గురించి. ఏ బస్తీలో ఎన్నింటికి ఆపమంటారు, ఏ గల్లీలో ఆసుపత్రి ఉంది, ఏ ఊరేగింపుకు పర్మిషన్ కాగితం ఎవరి చేతిలో ఉండాలి. మేము దరువుల పేర్లు అడుగుతుంటే ఆయన పోలీస్ స్టేషన్ల పేర్లు చెబుతున్నాడు. ఇంటికొచ్చి ఫైలు వింటే సగం అదే. మొదట ఇదంతా కత్తిరించేద్దామన్నాడు నల్లగొండోడు. అక్క వద్దంది. పక్కన ఒక ఫోల్డర్ పెట్టి, రాత్రి పదికి ఆపాలన్న రూలు గుర్తుగా దానికి "పది గంటలు" అని పేరు పెట్టింది.

జూలై మొదట్లో, సౌండ్ లెవెల్ గొడవ

డప్పును రికార్డు చేయడం గురించి కొంచెం వివరంగా రాస్తా, ఎవరికైనా పనికొస్తుంది. మనిషి మాటకు పెట్టిన గెయిన్‌లో (మైకు శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలనే సెట్టింగ్) డప్పు మొదటి దెబ్బకే మీటరు ఎర్రబడుతుంది. ఆటో లెవెల్ ఆన్ చేస్తే ఇంకో రకం తిప్పలు: దెబ్బ పడగానే రికార్డర్ బెదిరి మొత్తం తగ్గించేస్తుంది, తర్వాత మెల్లగా పెంచుకుంటూ వస్తుంది, వినేవాడికి ఎవరో వాల్యూమ్ బటన్ పట్టుకుని ఆడుకుంటున్నట్టు ఉంటుంది. అందుకని ఆటో ఆపేసి, గెయిన్ చేత్తో తగ్గించి, గట్టి దెబ్బ కూడా మీటరు మీద మైనస్ పన్నెండు డెసిబెల్స్ దగ్గరే ఆగేలా పెట్టాం. లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది) ఆన్, కానీ దాని మీద ఆధారపడకుండా. మైకు డప్పుకు ఎదురుగా కాకుండా పక్కవాటుగా, రెండు నిలువుల దూరంలో. ఎదురుగా పెడితే పుల్ల శబ్దం చెవిలో సూదిలా గుచ్చుతుంది. వెనక్కి మరీ జరిపితే గోడల నుంచి తిరిగొచ్చే మోత కలిసిపోయి చిర్రకూ పుల్లకూ తేడా తెలీదు.

మాట, వాద్యం ఒకే టేకులో తీయాలనే మోజు వదిలేశాం. మాట విడిగా, ఇంట్లో కూర్చుని. దెబ్బ విడిగా, బయట. ప్రతి చోటా ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఉత్త గాలి రికార్డు చేసుకోవాలి, కోతల మధ్య అతుకు వేయడానికి అదే పనికొస్తుంది. బస్తీలో ఆ ఒక్క నిమిషం దొరకడం ఎంత కష్టమో చెప్పలేను, పాలవాడు, కుక్కర్ విజిల్, "ఏం చేస్తుండ్రు అన్నా" అనే పిల్లలు.

జూలై, ఏసీ గార్డ్స్, తర్వాత బార్కస్

తార్నాకలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి లక్డీకాపూల్‌లో దిగాం. ఏసీ గార్డ్స్ అంటే ఎయిర్ కండిషనింగ్‌కు ఏదో సంబంధం అనుకునేవాళ్లు మా క్లాసులోనే ఉన్నారు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం సైన్యంలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీల గుర్రపు దళం ఉన్న చోటు ఇది. వనపర్తి సంస్థానం రాజు దగ్గర నుంచి నిజాం కొలువుకు వచ్చారని చెబుతారు. 1948లో పోలీసు చర్య తర్వాత నిజాం దళాలు రద్దయ్యాయి, గుర్రాలు పోయాయి, కుటుంబాలు ఇక్కడే ఉండిపోయాయి. వాళ్లతో పాటు మర్ఫా కూడా. ఇక బార్కస్‌లో ఉండే చావుష్‌లు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో చేరడానికి వచ్చినవాళ్ల వారసులు, మర్ఫా వాళ్లదీ. ఇది ఎవరిదసలు అని రెండు చోట్లా అడిగాం. రెండు చోట్లా "మాదే" అన్నారు, రెండు చోట్లా నమ్మబుద్ధేసింది. కాబట్టి సిరీస్‌లో తీర్పు చెప్పట్లేదు, ఇద్దరి మాటా పక్కపక్కన పెట్టేస్తాం.

మాకు దొరికిన జట్టులో పెద్ద వయసు భాయ్ ఒకాయన దక్కనీలోనే (హైదరాబాదీ ఉర్దూ) మాట్లాడాడు. "క్యా మియా, టీవీవాలే హై క్యా?" అన్నాడు ముందు. కాదు, యూనివర్సిటీ అన్నాక కుర్చీలేయించాడు. నడుముకు కట్టుకునే మర్ఫా, డఫ్, డోల్, వీటితో పాటు ఒక మామూలు స్టీలు బిందె. బిందె ఏంటని నల్లగొండోడు నవ్వబోయి ఆగాడు, ఎందుకంటే అది మొదలవగానే మిగతావన్నీ దాని వెంటే నడిచాయి. లోహపు శబ్దం కాబట్టి సందడిలో కూడా దూరం నుంచి వినపడుతుంది, వెనక వరసలో ఉన్నవాడికి లయ తప్పకుండా అదే దారి చూపిస్తుంది. తర్వాత తీన్‌మార్ కొట్టారు. హైదరాబాద్‌లో పెళ్లి బరాత్ దగ్గర నుంచి గణేష్ నిమజ్జనం దాకా అందరి కాళ్లూ ఆడే ఆ తీన్‌మార్ మర్ఫా లోంచి వచ్చిందే. బోనాల్లో పోతురాజు ముందు డప్పు మీద అదే దరువు. ఎవరి పెళ్లిలో పుట్టిందో ఎవరి జాతరలో తిరుగుతోందో చూడండి, ఈ ఊరి చరిత్ర మీద నాకు ఇంతకంటే మంచి పాఠం ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ కూడా అదే కథ. మర్ఫా ఎలా నేర్చుకున్నారు భాయ్ అంటే రెండు ముక్కల్లో చెప్పి, ఫంక్షన్ హాళ్ల మీదికి పోయాడు. బరాత్ రావడమే రాత్రి పదకొండు దాటాక, పదికి ఆపమంటే మేం ఎవరికి వాయించాలి, పెళ్లికొడుకు ఇంకా షేర్వానీ గుండీలు పెట్టుకుంటుంటాడు. నవ్వుతూనే అన్నాడు గానీ అడ్వాన్సు తిరిగి ఇవ్వాల్సి వచ్చిన పెళ్లి గురించి చెప్పేటప్పుడు నవ్వలేదు. "పది గంటలు" ఫోల్డర్ లావెక్కింది.

బార్కస్‌కు మరో రోజు వెళ్లాం. ఆర్ట్స్ కాలేజీ స్టేషన్‌లో ఎక్కి ఫలక్‌నుమాలో దిగి అక్కడి నుంచి ఆటో. రికార్డింగ్ బాగా వచ్చింది, అక్కడ తిన్న హరీస్ (గోధుమలు, మాంసం కలిపి ఉడికించే వంటకం) ఇంకా బాగుంది, దాని గురించి ఇక్కడ రాయను.

లష్కర్ బోనాల ఆదివారం

సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి చుట్టుపక్కల రికార్డర్ పట్టుకుని తిరగడం అంటే ముందు కాళ్లు తొక్కించుకోవడానికి సిద్ధపడాలి. కాకా జట్టు ఒక ఫలహారం బండి (అమ్మవారికి నైవేద్యం తీసుకెళ్లే అలంకరించిన బండి) ముందు ఉంది, మేము వాళ్ల వెంటే. వాన పడుతూ ఆగుతూ ఉంది. కొడుకుల ఫైబర్ డప్పులు మోగుతున్నాయి, కాకా తన తోలు డప్పును ప్లాస్టిక్ కవర్లో చుట్టి చంకలో పెట్టుకుని వాన ఆగినప్పుడల్లా తీస్తున్నాడు.

వింతగా తోచింది ఏంటంటే, చేత్తో వాయించే జట్లు చాలా కనిపించాయి. ఎందుకని అడిగితే అందరూ ఒకటే చెప్పారు: డీజే బంద్ కదా. 2024 అక్టోబరు 1న హైదరాబాద్ సిటీ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధిస్తూ ఉత్తర్వులు ఇచ్చారు. ఆ ఏడాది గణేష్ నిమజ్జనం, మిలాద్ ఊరేగింపుల తర్వాత మోత మీద వచ్చిన ఫిర్యాదులు దానికి కారణం. బుకింగులు మాకు పెరిగినయి అని కాకా చిన్నకొడుకు చెప్పాడు. మా ముగ్గురికీ ఇక్కడే కథ దొరికేసినట్టు అనిపించింది. డీజే పోయింది, డప్పు తిరిగొచ్చింది, భాగం మూడు, శుభం.

రాత్రి మాత్రం అలా ముగియలేదు. పది దగ్గరపడుతుండగా ఒక మలుపులో జట్టును ఆపారు. డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ మర్యాదగానే మాట్లాడాడు, "కాకా, టైం అయిపోయింది, నా మీదికొస్తది" అన్నాడు. చిన్నకొడుకు వాదించాడు, మాది డీజే కాదు కదన్నా, కరెంటు లేదు, స్పీకర్ లేదు, చేత్తో కొట్టేదే కదా.

మర్నాడు, రూల్స్ చదువుడు

ఎవరిది కరెక్టో తెలుసుకోవాలని శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000, మొత్తం చదివాం. చిన్నకొడుకు వాదన నిలబడదు. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు. 2010లో చేసిన సవరణతో ఒక్క లౌడ్‌స్పీకరే కాదు, శబ్దం చేసే ఏ పరికరమైనా, సంగీత వాద్యమైనా ఆ వేళల్లో బయట వాడకూడదు, మూసిన హాళ్లలో అయితే వేరే సంగతి. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం పన్నెండు దాకా వెసులుబాటు ఇవ్వొచ్చు, అదీ ఏడాదిలో మొత్తం 15 రోజులకు మించకుండా. పైగా ఆ వెసులుబాటు నిబంధనలో రాసింది లౌడ్‌స్పీకర్ల పేరు మీద. అంటే కాగితం మీద చూస్తే మైకుకు ఉన్న మినహాయింపు డప్పుకు స్పష్టంగా లేదు! అక్క ఈ వాక్యం మళ్లీ మళ్లీ చదివి "ఇది లాయర్‌ని అడగాల్సిందే" అంది. లా కాలేజీలో ఉన్న సీనియర్‌ను పట్టుకున్నాం, ఆయన కూడా గడ్డం గోక్కుని, రాతలో నువ్వన్నది నిజమే, ఆచరణలో స్టేషన్‌ను బట్టి ఉంటుంది అన్నాడు.

ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. వ్యాపార ప్రాంతంలో 65, 55. నిశ్శబ్ద మండలాల్లో 50, 40, అంటే ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ వంద మీటర్లు. 2017 సవరణ తర్వాత మాత్రం ప్రభుత్వం ప్రకటించిన చోట్లే ఆ లెక్కలోకి వస్తాయి, ప్రకటించి ఉంటే మేం ఉంటున్నదీ నిశ్శబ్ద మండలమే. తార్నాకలో కాలుష్య నియంత్రణ బోర్డు వాళ్ల శబ్దం కొలిచే కేంద్రం కూడా ఉంది, రోజూ దాని దగ్గర్లోంచే తిరుగుతూ ఇన్నాళ్లూ తెలీదు.

జూలై చివర, గోడౌన్

డీజేవాళ్ల గొంతు లేకుండా మూడో భాగం పూర్తికాదని నేను పట్టుబట్టాను. నల్లగొండోడికి ఇష్టం లేదు. వాడి ఊళ్లో పెళ్లి డీజే వల్ల వాళ్ల నానమ్మ రాత్రంతా గుండె పట్టుకుని కూర్చుందట, వాడి కోపం వాడిది.

ఒక సౌండ్ సిస్టమ్ ఓనర్ దొరికాడు, ముప్పై కూడా ఉండవు. గోడౌన్ నిండా బాక్సులు, మీద టార్పాలిన్ కప్పి, దుమ్ము. ఫైనాన్స్‌లో తీసుకున్నవి, నెలనెలా కట్టాలి. "మేమేమన్న ఫారిన్ నుంచి వచ్చినమా అన్నా? మా నాయిన బ్యాండ్ మేళంల క్లారినెట్ వాయిస్తుండె" అన్నాడు. మా మూడో భాగం బ్యాండ్ మేళం కదా, ఆ కుటుంబమే ఇది. తండ్రి క్లారినెట్, కొడుకు డీజే. పెళ్లివాళ్లు బ్యాండ్ వద్దని డీజే అడిగినప్పుడు వీళ్లు అప్పు చేసి మారారు, ఇప్పుడు డీజే వద్దు బ్యాండ్ తెమ్మంటే వాయించేవాళ్లు లేరు. తండ్రి అక్కడే స్టూలు మీద కూర్చుని వింటున్నాడు. ఊపిరి లేదు బిడ్డా ఇప్పుడు, అన్నాడు.

ఆ రోజు ఇంకో పని చేశాం. ఫోన్లో డెసిబెల్ యాప్ పెట్టుకున్నాం, ఇది సర్టిఫికెట్ ఉన్న మీటరు కాదు, ఫోన్ మైకు మాటల కోసం చేసింది, అంకెలు నమ్మడానికి లేదు. పోలిక చూడటానికి మాత్రం కొంత పనికొస్తుంది. గోడౌన్‌లో ఓనర్ కాసేపు బేస్ ఎక్కువున్న ట్రాక్ పెట్టాడు, తర్వాత అదే చోట కాకా చిన్నకొడుకు డప్పు కొట్టాడు, మేం బతిమాలి తీసుకొచ్చాం. యాప్‌లో ఏ (A) స్కేలు, సీ (C) స్కేలు అని రెండుంటాయి. ఏ (A) స్కేలులో చూస్తే డప్పుదే పైచేయి. సీ స్కేలుకు మార్చగానే తారుమారు, డీజే చాలా పైకి పోయింది.

కారణం ఇదీ. ఏ (A) స్కేలు మనిషి చెవిలాగా వినడానికి చేసింది, చెవికి తక్కువ ఫ్రీక్వెన్సీలు సరిగా ఆనవు కాబట్టి అది కూడా వాటిని తగ్గించి లెక్కేస్తుంది. 1000 హెర్ట్జ్ దగ్గర ఏమీ తగ్గించదు, 100 దగ్గర 19 డెసిబెల్స్ తగ్గిస్తుంది, 63 దగ్గర 26. డీజే బలమంతా ఆ కింది మెట్లలోనే. కిటికీ అద్దాలు అదిరేది, నల్లగొండోడి నానమ్మ గుండె పట్టుకున్నది ఆ బేస్ వల్లే. డప్పు పుల్ల పలికేదేమో మీటరుకు బాగా వినపడే పైమెట్టులో. నిబంధనల్లో పరిమితులన్నీ ఈ ఏ (A) స్కేలు లెక్కలోనే ఉన్నాయి. అంటే మీటరు పట్టుకుని కొలిస్తే అద్దాలు అదరగొట్టేవాడికి తగ్గింపు దొరుకుతుంది, చెక్క పుల్లతో కొట్టేవాడికి పైసా తగ్గింపు లేదు. ఇది వినగానే అందరికంటే ఎక్కువ నవ్వింది డీజే ఓనరే. "అయితే నన్నెందుకు బంద్ పెట్టిండ్రన్నా మరి?" అన్నాడు.

ఈ పావుగంట సిరీస్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైంది. నల్లగొండోడు బయటికొచ్చాక చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత వీడి ఇంటర్వ్యూ మొత్తం ఉంచుదాం అన్నాడు.

ఆగస్టు, క్యాంపస్ భాగం

నాలుగోది తేలింది, క్యాంపసే. ఉస్మానియాలో డప్పు కొత్త కాదు. 2009 తర్వాత తెలంగాణ ఉద్యమ రోజుల్లో ఆర్ట్స్ కాలేజీ ముందు ధూం ధాం (ఉద్యమ ఆటపాటల సభ) జరిగితే డప్పు లేకుండా జరగలేదు. 1939లో కట్టడం పూర్తయిన ఆ రాతి భవనం ముందు డప్పు ఎలా మోగుతుందో మేం రికార్డు చేసి విన్నాం, ముఖభాగం అంతా రాయి కాబట్టి దెబ్బ పడి తిరిగొస్తుంది, ఒక్కడే కొట్టినా ఇద్దరు కొట్టినట్టు. అప్పట్లో సభలు అక్కడే ఎందుకు పెట్టారో రాజకీయ కారణాలు చాలా చెబుతారు, ఈ ప్రతిధ్వని కూడా ఒకటని నా అనుమానం.

ఇక్కడ సిద్దిపేట అక్క తన మాట తానే రికార్డు చేసుకుంది. వాళ్ల తాత ఊళ్లో డప్పు కొట్టేవాడు. ఇష్టపడి కాదు. చావైనా, చాటింపైనా, జాతరైనా పిలిస్తే పోవాల్సిందే, ఇచ్చినంత తీసుకోవాల్సిందే, పెద్దిళ్ల ముందు చెప్పులు విడవాల్సిందే. వాళ్ల నాన్న చదువుకుని ఉద్యోగం వచ్చాక ఇంట్లో డప్పు ఉండొద్దన్నాడు. అక్క క్యాంపస్‌కు వచ్చాకే, ఇక్కడ స్టూడెంట్లు భుజానికి తగిలించుకుని గర్వంగా కొట్టడం చూశాక, మొదటిసారి చేత్తో పట్టుకుందట. "మా నాయిన ఈ ఎపిసోడ్ వింటడో లేదో తెల్వదు, విన్నా ఏమంటడో తెల్వదు" అని రికార్డింగులోనే అంది. కళ, వారసత్వం అని తేలిగ్గా మాట్లాడేవాళ్లందరి మాటల కంటే ముందు ఇది రావాలని నా పట్టు. అక్క ఇంకా ఒప్పుకోలేదు.

అవతలి పక్షం కూడా క్యాంపస్‌లోనే ఉంది. గ్రూప్స్‌కు ప్రిపేర్ అయ్యేవాళ్లు చెట్ల కింద, లైబ్రరీ బయట, మెట్ల మీద, ఎక్కడ నీడ దొరికితే అక్కడ పుస్తకాలు పరుచుకుని కూర్చుంటారు, కొందరు ఏళ్ల తరబడి. మేం ఆర్ట్స్ కాలేజీ ముందు ప్రతిధ్వని కోసం డప్పు కొట్టిస్తుంటే ఒకాయన లేచొచ్చి, "తమ్ముడూ, మీకు ప్రాజెక్టు, నాకు లాస్ట్ అటెంప్టు" అన్నాడు. మైకు ఆన్‌లోనే ఉంది. తర్వాత ఆయనతో టీ తాగుతూ మాట్లాడి, వాడుకోవచ్చా అని అడిగి ఒప్పించాం. ఆయన వాళ్ల ఊరి బోనాల డప్పు గురించి మాకు తెలియని రెండు దరువులు చెప్పాడు, చెప్పి మళ్లీ పుస్తకం దగ్గరికి పోయాడు.

ఆగస్టు చివర, ఎడిటింగ్ టేబుల్

ఇప్పటిదాకా ఉన్న పరిస్థితి రాస్తా. ఒకటో భాగం అయిపోయింది. రెండోది దక్కనీ మాటల దగ్గర ఆగింది. మీద తెలుగులో డబ్బింగ్ చెప్పాలా వద్దా? హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు అక్కర్లేదు, ఒంగోలులో వినేవాడికి కావాలి. చివరికి డబ్బింగ్ వద్దనుకున్నాం, భాయ్ చెప్పిన ముఖ్యమైన మాటను నేను ముందే నా నెరేషన్‌లో తెలుగులో అనేస్తా, తర్వాత ఆయన గొంతులో వస్తే అర్థమైపోతుంది.

వాల్యూమ్ అన్ని భాగాలకూ మైనస్ పదహారు లఫ్స్ (చెవికి ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత) దగ్గర పెడుతున్నాం, ఫోన్లో బస్సులో వినేవాళ్లకు అది సరిపోతుంది. ఇక్కడో చిక్కుంది. మాటనూ డప్పునూ ఒకే ఎత్తుకు తెస్తే డప్పు పిరికిదైపోతుంది. డప్పును దాని ఎత్తులో ఉంచితే ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాడు ఉలిక్కిపడతాడు. అక్క చేసిన ఏర్పాటు: డప్పుకు ముందు రెండు మూడు సెకన్లు బయటి సందడిని మెల్లగా పెంచుతుంది, చెవి సిద్ధమైపోతుంది, అప్పుడు దెబ్బ. నాయిస్ రిడక్షన్ ఎఫెక్టు దాదాపు వాడట్లేదు, వాడితే గొంతులు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతున్నాయి. కుక్కర్ విజిల్ ఉంటే ఉండనీ.

మూడో భాగం పూర్తిగా తిరగబడింది. బ్యాండ్ మేళం అనుకున్నది కాస్తా "పది గంటలు" ఫోల్డర్ అయింది. కాకా, మర్ఫా భాయ్, డీజే ఓనరు, అతని తండ్రి, చివరి అటెంప్టు అన్న, పేరు చెప్పొద్దన్న ఒక కానిస్టేబుల్. అందరూ అడుగుతున్నది ఒకటే: ఎక్కడ, ఎన్నింటి దాకా? ఏ వాద్యం గొప్పదన్న ప్రశ్న మా ముగ్గురిదే తప్ప వాళ్లలో ఎవరిదీ కాదు. సిటీలో ఫలానా మైదానంలో, ఫలానా టైము వరకు ఎవరైనా వాయించుకోవచ్చు అని ఒక జాగా ఉంటే సగం పంచాయితీ ఉండదని డీజే ఓనరు అన్నాడు, అదే మాట కాకా వేరే మాటల్లో అన్నాడు, ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలీదు. వీళ్లిద్దరి మాటలూ కత్తిరించి ఒకదాని వెనక ఒకటి పెట్టాం, మధ్యలో నా గొంతు లేదు.

ఇంకా మిగిలిన పనులు: సనత్‌నగర్‌లో కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసుకు వెళ్లి ఆ ఏ (A) స్కేలు, సీ (C) స్కేలు సంగతి అడగాలి, ఆర్టీఐ కూడా వేసి పెడదామని లా కాలేజీ సీనియర్ సలహా. గణేష్ నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద రికార్డింగ్ ఉంది, దానికి బొచ్చు తొడుగు కొనక తప్పేలా లేదు, ముగ్గురం తలా కొంత వేసుకోవాలి. కాకా కొడుకులు రెండో భాగం వినిపించమన్నారు, మర్ఫావాళ్లు మొదటి భాగం వినిపించమన్నారు, ఒకళ్లది ఒకళ్లకు. మూడో భాగం ఎవరి గొంతుతో మొదలవ్వాలన్నది నిన్న రాత్రి ఓటింగులో తేలింది, రెండు ఒకటి. డీజే ఓనరుతోనే మొదలు, ఓడిపోయింది నేను, గెలిపించింది నల్లగొండోడు.